తలల్లేని బొమ్మలు

నలభై ఏళ్ళు నోరు మూసుకుని సంపాదించుకున్న పేరుని కొడుకు పావుగంటలో మంటగలిపాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

మంచం మీద కోటులు పడి ఉన్నాయి. పదకొండు. డ్రైవరు వాటిని హ్యాంగర్లతో సహా మోసుకొచ్చి, ఎక్కడ పెట్టాలో తోచక, స్పృహ తప్పిన మనిషిని దించినట్టు మెల్లిగా మంచం మీదికి దించాడు. పైనున్న బూడిదరంగు కోటు చెయ్యి ఒకటి జారి నేలకి వేలాడుతోంది.

టేపు మాస్టారు దాన్ని తీసి పైన పెట్టలేదు. మిషను ముందున్న స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. దుకాణం మూసి మూడేళ్ళయింది. మిషనూ కత్తిరింపు బల్లా ఇంటి ముందుగదిలోకి వచ్చాయి. మెళ్ళో టేపు మాత్రం ఎక్కడికీ పోలేదు. వీధి వీధంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది.

డ్రైవరు ముఖం నేలకి వేసుకునే మాట్లాడాడు. అయ్యగారు ఇక వీటిని తొడుక్కోరట. కొలతల పుస్తకం ఇచ్చేయమన్నారట, నాలుగోది. నిన్న అబ్బాయిగారు చూపించిన బొమ్మ కూడా. అయిదింటికి మళ్ళీ వస్తానని గుమ్మం దిగి, ఏమనుకున్నాడో వెనక్కి తిరిగాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఆయన కారు తోలుతున్నాను మాస్టారూ. నాక్కూడా తెలీదు."

ఆ మాటతో మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

ఆ అయ్యగారికి ఊళ్ళో వేరే పేరుంది. నిటారుగారు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ ఆయనది. ఎవరైనా వంగి నడిస్తే వీపు మీద చరిచి మరీ సరిచేసేవారు. గోడకి కొట్టిన మేకులా నిలబడతారని జనం చెప్పుకుంటారు. ఆ నిలబడడం కుట్టింది మాస్టారు. నిటారుగారి ఎడమ భుజం కుడిదానికంటే ఒకటిన్నర అంగుళం కింద ఉంటుంది, పుట్టుకతోనే. మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు తలుపు వేయమని, గోడవైపు తిరిగి చొక్కా విప్పారు. చెప్పొద్దు అన్నారు. మాస్టారు చెప్పలేదు. ప్రతి కోటుకీ ఎడమ భుజం లోపల మూడు పొరల కాన్వాసు, మధ్యలో వత్తిన దూది, అంచు కనబడకుండా చేత్తో వేసిన కుట్టు. పదకొండు కోటులు, పదకొండు అబద్ధాలు. ఒక్కటీ బయటపడలేదు, నిన్నటిదాకా.

"ఒరేయ్, ఇలా రా" అన్నాడు మాస్టారు.

కొడుకు వంటింటి గుమ్మంలోకి వచ్చి ఆగాడు. ముప్ఫై దాటిన మనిషి. వేళ్ళకి పెన్సిలు మసి. కోటుల్ని చూశాడు, ముఖం పాలిపోయింది. నిన్న ఇంటర్వ్యూ నుంచి వచ్చి, చూద్దామన్నారు నాన్నా అని ఒక్క ముక్క చెప్పి గదిలోకి పోయిన ముఖం ఇదే. అప్పుడే అనుమానం రావాల్సింది.

"నిన్నేం చేసొచ్చావు?"

కొడుకు చెప్పాడు. తడుముకుంటూ, మధ్యలో ఆగుతూ చెప్పాడు.

అతను పనిచేసిన బోర్డులు రాసే కంపెనీ మూతబడి ఎనిమిది నెలలు. అక్షరాలు బాగా రాస్తాడు. సబ్బుబిళ్ళంటే సబ్బుబిళ్ళ, షాంపూ సీసా అంటే షాంపూ సీసా గీస్తాడు. మనుషుల్ని గీయడం రాదు. నిటారుగారి ఫ్యాక్టరీలో డిజైన్ గదిలో ఖాళీ ఉందని తెలిసి, మాస్టారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక ఖాతాదారు ఇంటికి వెళ్ళి, నిలబడి, మావాడికి చూడండి అని అడిగాడు. నిటారుగారు వెంటనే ఒప్పుకున్నారు. నిలబడ్డ మనిషిని గీయడం వస్తే చాలు, ఆ మనిషికి బట్ట వేసి చూపించడమే పని, నెల రోజుల్లో బొమ్మలు పట్టుకు రమ్మనండి అన్నారు.

నిలబడ్డ మనిషి ఎక్కడ దొరుకుతాడు? తండ్రిని అడిగాడు. నేను మనుషుల్ని నిలబెట్టి కొలిచేవాణ్ణిరా, నిలబడేవాణ్ణి కాదు అని మాస్టారు కసిరాడు. కొడుకు భార్య పళ్ళ డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే పనిలో ఉంది. పనినుంచి వచ్చి, చేతిసంచీ కూడా దించకుండా పది నిమిషాలు నిలబడేది. మీరు గీసిన కాళ్ళని చూస్తేనే నా కాళ్ళు నొప్పెడుతున్నాయండీ అని వంటింట్లోకి పోయేది. అద్దంలో తనను తాను గీసుకుంటే ప్రతి బొమ్మా పెన్సిలు పట్టుకునే ఉండేది.

అప్పుడు పుస్తకాలు తీశాడు.

అట్టపెట్టెలో ఆరు పుస్తకాలు. నలభై ఏళ్ళ ఒళ్ళు. పేజీకి ఒక మనిషి. పేర్లుండవు, అంకె ఒక్కటే. ఎవరి పేజీ ఏదో మాస్టారి బుర్రలో ఉంటుంది. మెడ, ఛాతీ, నడుము, చెయ్యి, కాలు. వాటి పక్కన గుర్తులు. వాలుగీత ఉంటే భుజం ఒకవైపు జారింది. కొక్కెం ఉంటే గూని. చుక్క ఉంటే పొట్ట. చివర సున్నా చుట్టి ఉంటే, చెప్పొద్దని ఖాతాదారే స్వయంగా నోరు విప్పి అడిగాడని. ఆ గుర్తులు చదవగలిగినవాళ్ళు లోకంలో ఇద్దరే. రెండోవాడు ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అన్ని కొలతలుంటే మనిషి ఎదురుగా ఉన్నట్టే నాన్నా. ఛాతీ ఇంత, నడుము ఇంత, చెయ్యి ఇంతే పొడుగు. గీస్తుంటే మనిషి తనంతట తనే నిలబడ్డాడు. నెల రోజులు అదే పని చేశాను. నూట ఇరవై గీశాను. తల పెట్టలేదు. ఎవరో తెలియకూడదనే పెట్టలేదు."

"తల ఎవడిక్కావాలిరా? రోజూ అద్దంలో చూసుకునే భుజం మనిషికి తెలీదా?"

"అది ఆయన పేజీ అని నాకు తెలీదు."

"ఏం చూపించావు, ఏం వాగావు, అది చెప్పు."

గదిలో ముగ్గురున్నారట. నిటారుగారు, మేనేజరు, డిజైన్ గదికి పెద్ద అయిన ఒకావిడ. ఆవిడే కాగితాలు తిరగేసింది. మనుషుల్ని ఇంత ఉన్నదున్నట్టు గీసినవాళ్ళని నేను చూడలేదంది. ఒక బొమ్మని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఇలాంటి మనిషికి కోటు ఎలా కుడతారని అడిగింది.

"నువ్వు చెప్పావు" అన్నాడు మాస్టారు.

"ఎనిమిది నెలల్లో నన్నెవరూ ఏదీ అడగలేదు నాన్నా. అర్జీ అక్కడ పెట్టి వెళ్ళమనడమే. ఆవిడ అడిగింది. నాకు తెలిసిన సంగతి. చెప్పాను. మూడు పొరల కాన్వాసు, మధ్యలో దూది, మా నాన్న కుడితే పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదని చెప్పాను."

"తర్వాత?"

"ఆవిడ నవ్వింది. నవ్వుతూ పక్కకి చూసింది. ఆయన భుజం మీదికి."

ఆ గది మాస్టారి కళ్ళకి కట్టింది. కొడుకు చేతులు తిప్పుతూ వివరిస్తున్నాడు. ఆవిడ చూపు కాగితం మీంచి కోటు మీదికి, కోటు మీంచి కాగితం మీదికి. నిటారుగారు కుర్చీలో కదలకుండా. మేనేజరు బల్లమీద పెన్ను సర్దుకుంటూ. నిటారుగారు ఒక్క మాటే అడిగారట, కాగితం మూలన ఈ అంకెలేమిటి అని. నాలుగో పుస్తకం, అరవై ఒకటో పేజీ అని కొడుకు వినయంగా చెప్పాడట.

"ఛీ" అన్నాడు మాస్టారు.

ఆ ఒక్క ముక్కతో గది నిండిపోయింది.

కోడలు మధ్యాహ్నం ఒక పూట సెలవు పెట్టి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ మంచం వైపు చూసింది.

"ఎవరైనా పోయారా మామయ్యా?"

"నేను" అన్నాడు మాస్టారు.

ఆమె భర్త ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా, వేలాడుతున్న కోటు చెయ్యిని తీసి మంచం మీద పెట్టింది. జరిగిందంతా విన్నాక మాత్రం ఊరుకోలేదు. తప్పు ఈయనదే, ఎవరి పుస్తకమైనా అడగకుండా తీయకూడదు అంది. ఆ వెంటనే, కానీ మామయ్యా, ఇంట్లో మనిషి గీసుకోవడానికి మీరు పది నిమిషాలు నిలబడి ఉంటే పుస్తకాల దాకా వచ్చేది కాదు కదా అని కూడా అంది.

"నీ మొగుడు నా పరువు తీశాడమ్మా. నన్ను నిలబెట్టి అడుగుతున్నావు."

"మీ పరువు గురించే అంటున్నాను. మీరు ఏదీ ఎవరికీ చెప్పరు. ఈయన అన్నీ అందరికీ చెప్పేస్తారు. ఈ ఇంట్లో మధ్యరకం మనిషి ఒక్కరూ లేరు."

కొడుకు నవ్వబోయి మానుకున్నాడు. మాస్టారికి ఆ నవ్వు కనబడింది. లేచాడు.

"బొమ్మలన్నీ పట్రా."

"ఆ ఒక్క బొమ్మే కదా అడిగారు" అన్నాడు కొడుకు.

"అన్నీ అన్నాను."

కొడుకు కదల్లేదు. కోడలే లోపలికి వెళ్ళి, పరుపు కింది నుంచి కాగితాల కట్ట తెచ్చి కత్తిరింపు బల్ల మీద పెట్టింది. పెట్టాక భర్త ముఖం చూసి, తేకుండా ఉండాల్సిందని ఆమెకి అర్థమయింది.

మాస్టారు పెద్ద కత్తెర తీశాడు.

ఆ కత్తెర గుడ్డని తప్ప దేన్నీ ముట్టుకోకూడదు. కాగితం కోస్తే పదును చస్తుంది. కొడుకు ఎప్పుడో చిన్నప్పుడు దాంతో గాలిపటం కాగితం కోస్తే మాస్టారు వాడితో రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆ కత్తెరే తెరిచి, మొదటి బొమ్మని ఛాతీకి అడ్డంగా కోశాడు.

"వద్దు నాన్నా. కత్తెర పోతుంది."

"పోనీ."

ఒక్కొక్కటే కోశాడు. బొమ్మ చూడకుండా కోద్దామనుకున్నాడు, చేతకాలేదు. ప్రతి ఒంటినీ గుర్తుపట్టాడు. పొట్ట లోపలికి పీల్చి కొలత ఇచ్చిన తపాలా ఉద్యోగి. ఒక కాలు పొట్టిదైన పాటల మాస్టారు. గూనిని తల్లికి కూడా తెలియనివ్వని పెళ్ళికొడుకు. ఎంత బాగా గీశాడు వెధవ. టేపు ఎక్కడ తిరిగితే గీత అక్కడే తిరిగింది. ఎవర్నీ చూడకుండా ఇంత ఉన్నదున్నట్టు ఎలా వేశాడో. ఆ నేర్పు చూసిన కొద్దీ రోత పెరిగింది. ఆకలిగా ఉన్నప్పుడు ఎవరి ఇంటి వంటవాసనో తగిలినట్టు, మెచ్చుకోవాలనిపించిన ప్రతిసారీ కత్తెర ఇంకా గట్టిగా నొక్కాడు.

ముక్కలు కోటుల మీద పడ్డాయి, నేల మీద పడ్డాయి. నాలుగో పుస్తకం అరవై ఒకటి వచ్చినప్పుడు దాన్ని మాత్రం కోయకుండా పక్కన పెట్టాడు. అది డ్రైవరుకి ఇవ్వాలి.

కట్ట అడుగున ఒక కాగితం మిగిలింది. మిగతావాటికంటే పెద్దది, మడత పెట్టి ఉంది.

"అది వదిలెయ్ నాన్నా."

మాస్టారు మడత విప్పాడు.

ఒక ఆడమనిషి. ఒకే మనిషి, పక్కపక్కనే అయిదుసార్లు. తల లేదు. పొయ్యి ముందు ఏదో పొంగేదాకా ఆగినట్టు, ఒక కాలి మీద బరువు వేసి నిలబడింది. మొదటి బొమ్మలో నిండుగా ఉంది. రెండోదాంట్లో కాస్త తగ్గింది. మూడోదాంట్లో చేతులు చిక్కాయి. నాలుగోదాంట్లో మెడ కింద ఎముకలు. అయిదో బొమ్మని వాడు తేలిగ్గా, పెన్సిలు ఆనీ ఆనకుండా గీశాడు. అక్కడ గీయడానికి పెద్దగా ఏమీ లేదు.

మూలన అంకెలు. ఆరో పుస్తకం, చివరి పేజీ.

మాస్టారు మగవాళ్ళ బట్టలే కుట్టాడు. ఆరు పుస్తకాల్లోనూ ఉన్న ఆడమనిషి కొలత ఒక్కటే.

కత్తెర తెరిచే ఉంది. కోయలేదు. మూయలేదు.

కోడలు భుజం మీదుగా తొంగిచూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె ఈ ఇంటికి వచ్చేటప్పటికే అత్తగారు లేరు. అయినా చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇది ఇంటర్వ్యూకి తీసుకెళ్ళలేదు" అన్నాడు కొడుకు. గొంతు మారింది. ఇందాకటి తడబాటు లేదు. "ఎవరికీ చూపించలేదు. నీకు చూపించాలా వద్దా అని వారం నుంచి ఆలోచిస్తున్నాను."

మాస్టారు కాగితం మీంచి చూపు తీయలేదు.

"ఛాతీ ముప్ఫై ఆరు. తర్వాత ముప్ఫై నాలుగున్నర. తర్వాత ముప్ఫై మూడు. వరసకొక తారీఖు వేశావు. అమ్మ బట్టలు వదులైనప్పుడల్లా కుట్టు లోపలికి వేశావు కదా. వేసి, రాసుకున్నావు."

"నీకెందుకురా అవన్నీ."

"అప్పుడు నేను వేరే ఊళ్ళో మొదటి ఉద్యోగంలో ఉన్నాను. అమ్మకి బాగోలేదని నువ్వు నాకు కబురు చేసేటప్పటికి మూడు నెలలే మిగిలాయి. ఉన్నట్టుండి వచ్చిందన్నావు. డాక్టరుకీ అదే చెప్పావు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. మొదటి వరస తారీఖుకీ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజుకీ మధ్య పద్నాలుగు నెలలున్నాయి నాన్నా."

పద్నాలుగు నెలలు. మాస్టారికి ఆ లెక్క తెలుసు. ఆవిడ బట్ట మడిచి మిషను మీద పెట్టేది, ఏమీ అనేది కాదు. ఆయన తీసి, పక్కకుట్టు విప్పి, అర అంగుళం లోపలికి వేసి, ఇస్త్రీ చేసి అలమరలో పెట్టేవాడు. ఏమీ అనేవాడు కాదు. టేపు చూసింది నోరు చెప్పకూడదు, అది పని ధర్మం. బయటివాళ్ళకి పాటించిన ధర్మాన్ని ఇంట్లోనూ పాటించాడు. మనిషి కరిగిపోతుంటే బట్ట సరిచేశాడు. ఎంత బాగా సరిచేశాడంటే, పక్కింటివాళ్ళకి కూడా తెలీలేదు.

గదిలో కాన్వాసు వాసన, పాత దూది వాసన. ఆయనకి తన చేతుల మీదే వెగటు పుట్టింది. కత్తెర బల్ల మీద పెట్టి, వేళ్ళని చొక్కాకి తుడుచుకున్నాడు.

"మీ అమ్మే చెప్పొద్దంది" అన్నాడు.

కొడుకు బల్ల దగ్గరికి వచ్చాడు. అట్టపెట్టెలోంచి ఆరో పుస్తకం తీసి, చివరి పేజీ తెరిచి, తండ్రి ముందు పెట్టాడు. పెన్సిలు మసి ఉన్న వేలుతో వరసలు ఒక్కొక్కటీ చూపించాడు.

"సున్నా ఏది?"

బయట కారు ఆగిన చప్పుడయింది. ఎవరూ అటు చూడలేదు.

"నిటారుగారి పేజీలో ఉంది. ఒక కాలు పొట్టిదైన మనిషి పేజీలో ఉంది. చెప్పొద్దని ఎవరడిగినా చుట్టావు, నలభై ఏళ్ళలో ఒక్కటీ మర్చిపోలేదు. అమ్మ పేజీలో అయిదు వరసలున్నాయి. ఒక్క సున్నా లేదు. ఆవిడ అడిగిందా నాన్నా?"

మాస్టారి చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి వెళ్ళింది. అక్కడ ఎప్పుడూ ఉండే, సున్నాలు చుట్టే పెన్సిలు వేళ్ళకి తగిలింది. కొడుకు ఆ చేతినే చూస్తున్నాడు. కోడలు కూడా. మాస్టారు చెయ్యి దించేశాడు.

డ్రైవరు గుమ్మంలో దగ్గాడు.

మాస్టారు నాలుగో పుస్తకం తీశాడు. ఇందాక పక్కన పెట్టిన బొమ్మని అందులో పెట్టాడు. తర్వాత కొడుకు వేలి కింద నుంచి ఆరో పుస్తకాన్ని లాగి, మూసి, దాని మీద పెట్టాడు. రెండూ కలిపి డ్రైవరు చేతికి ఇచ్చాడు.

"అయ్యగారు నాలుగోదే అడిగారు మాస్టారూ."

"ఇదీ తీసుకెళ్ళు. కాల్చుకోమను."

"అందులో ఇంకా ఎంతమందివో ఉన్నాయి మామయ్యా" అంది కోడలు, నెమ్మదిగా. "వాళ్ళంతా మిమ్మల్ని నమ్మి..."

పొద్దుటి నుంచి కొడుకుని తిట్టింది దేనికో ముగ్గురికీ గుర్తుంది.

డ్రైవరు పుస్తకాల వైపు చూసి, ముగ్గురి వైపు చూసి, వెళ్ళిపోయాడు. కారు కదిలింది. కొడుకు వీధిలోకి పరిగెత్తలేదు. బల్ల మీద మిగిలిన పెద్ద కాగితాన్ని మాత్రం రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"పుస్తకం పోయింది. ఇది ఉంది" అన్నాడు. "అడిగిందా నాన్నా?"

మాస్టారు మంచం దగ్గరికి వెళ్ళాడు. కాగితం ముక్కలు దులిపి, బూడిదరంగు కోటు తీసి, ఒళ్ళో పెట్టుకుని, ఎడమ భుజం దగ్గర కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. మూడు పొరలూ బయటికి లాగాడు. దూది పసుపుపచ్చగా మారిపోయి ఉంది.

"ఈ సంగతి ఈ ఇంట్లో మళ్ళీ ఎత్తకూడదు" అన్నాడు, తల ఎత్తకుండా. "నువ్వు అడుగుతూనే ఉండు. నేను మాత్రం మాట్లాడను. ఇవాళ కాదు, రేపు కాదు, మంచం పట్టి పోయే రోజున నువ్వు నా నోటి దగ్గర చెవి పెట్టినా సరే, చెప్పను."